శ్రేయోభిలాషుల గోడ

ఆ వానాకాలం నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసిన మాట ‘ఒక శ్రేయోభిలాషి’. పలకబోతేనే నాలుక మెలికపడే మాట. దాన్ని నీలం రంగుతో, బెత్తెడు ఎత్తు అక్షరాలతో ఒకే గోడ మీద పందొమ్మిదిసార్లు రాశాను. ఆ గోడ చూసిన కొత్తవాళ్ళెవరైనా, ఈ ఊరికంతా ఒక్కడే ధర్మాత్ముడున్నాడని, పాపం అతనికి తల్లిదండ్రులు సరైన పేరు పెట్టలేదని అనుకోవాలి.

మాది బోర్డులు రాసే పని. మాది అంటే అన్నయ్యది, నాది. గీత తనది, రంగు నాది. అన్నయ్య సుద్ద పట్టించిన దారాన్ని గోడకి బిగించి, లాగి వదిలితే తెల్లటి గీత పడుతుంది. దాని మీద పెన్సిలుతో అక్షరాల అంచులు గీస్తాడు. ఏ అక్షరం ఎంత జాగా తింటుందో జానలతో కొలిచి చూసుకుంటాడు. నేను వెనకాలే కుంచెతో నింపుకుంటూ పోతాను. నాకు చేతి నిలకడ ఎక్కువ, చదువు తక్కువ. ఒకసారి తను లేనప్పుడు నా అంతట నేనే ‘పాఠశాల’ అని రాయబోయి ‘పాటశాల’ అని రాసిపెట్టాను. హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, “అయితే రేపటినుంచి లెక్కలు మానేసి సంగీతం చెప్పమంటావా అమ్మా?” అన్నారు. అప్పట్నుంచీ అన్నయ్య నేను రాసిన ప్రతి అక్షరం దగ్గరా ఆగి, పెదవులు కదుపుతూ చదివేవాడు.

“ఒత్తు మారితే అర్థమే మారిపోతుందే, రంగుల డబ్బా,” అనేవాడు. నాకు ముప్పై ఆరేళ్ళొచ్చినా తనకి నేను రంగుల డబ్బానే.

అలాంటి అన్నయ్య ఆ ఎండాకాలం చివర్లో పరంజా ఎక్కి దిగలేదు.

ఊరికి ఆ చివర బజారులో బట్టల కొట్టు వాళ్ళ మూడంతస్తుల గోడ. ‘అన్ని రకముల వస్త్రములు లభించును’ అని రాయాలి. అప్పటికి రెండు నెలలుగా అన్నయ్యకి నిద్ర లేదు. తిండి కంచంలో అటూ ఇటూ జరిపి లేచిపోయేవాడు. నేనూ వదినా ఎండలకి అలా ఉన్నాడని సరిపెట్టుకున్నాం. ఆ రోజు పొద్దున ‘లభించు’ వరకు గీశాడు. తర్వాత పెన్సిలు జేబులో పెట్టుకుని, చెక్క మీద అంచుకి జరిగి, కాళ్ళు గాల్లోకి వేలాడేసుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. నేను నిచ్చెన ఎక్కబోతే, “రావద్దు,” అన్నాడు. ఆ గొంతు మా అన్నయ్యది కాదు. నేను మొదటి మెట్టు మీంచే కిందికి దిగిపోయాను.

కింద జనం మూగారు. బట్టల కొట్టాయన కౌంటరు దగ్గరికెళ్ళి, నంబరు ఎక్కడా చూసుకోకుండానే ఎవరికో ఫోన్ చేశాడు. పోలీసులొస్తారనుకున్నాను. వచ్చింది ఒక పాత తెల్ల వ్యాను. అందులోంచి యాభై దాటిన ఒక నర్సు దిగింది. నా దగ్గర నాలుగు ముక్కల్లో సంగతి కనుక్కుంది. జనాన్ని వెనక్కి పంపించి, మా ఖాళీ రంగు డ్రమ్ము ఒకటి బోర్లించుకుని, తీరుబడిగా కూర్చుంది.

“నాకు మెడ నొప్పి బాబూ, పైకి ఎక్కువసేపు చూడలేను,” అంది అన్నయ్యతో. “లభించు... తర్వాత ఏమిటి?”

పైనుంచి జవాబొచ్చింది. “ను.”

“మరి రాయలేదే?”

“రాస్తే పని అయిపోతుంది.”

ఆ మాటకి నేను మళ్ళీ నిచ్చెన పట్టుకున్నాను. నర్సు మాత్రం కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

“అయితే రాయొద్దు. దాన్ని అలాగే వదిలేసి దిగు. పని మిగిలుంటే మళ్ళీ రావచ్చు,” అంది. ఆ తర్వాత తన మెడ నొప్పి గురించి, వ్యాను బ్రేకుల గురించి, చిన్నప్పుడు తను రాసిన గుండ్రటి అక్షరాల గురించి మాట్లాడుతూనే ఉంది. ఒక్కసారి కూడా మళ్ళీ దిగమనలేదు. మధ్యాహ్నం రెండింటికి అన్నయ్య తనంతట తనే దిగాడు. ఆమె పన్నీటి మాటలేవీ వాడలేదు. ఒక మనిషి పక్కన ఖాళీగా కూర్చోవడమే పెద్ద పని అని నాకు ఆ రోజు తెలిసింది.

అందరూ పెద్ద సిస్టర్ అని పిలిచే ఆ నర్సు నడిపే ఇంటికి ఆరు మంచాల ఇల్లని పేరు. మనసు చెదిరినవాళ్ళ కోసం ఆరు మంచాలు, ఒక వ్యాను, ఒక ఫోను. పగలు గానీ రాత్రి గానీ ఆ ఫోను మోగితే ఎవరో ఒకరు ఎత్తి తీరాలి, అదీ వాళ్ళ నియమం. అన్నయ్య అక్కడ నాలుగో మంచం మీద ఇరవై రోజులున్నాడు. ఇంటికి పంపేటప్పుడు పెద్ద సిస్టర్ నన్నూ వదిననీ కూర్చోబెట్టి చెప్పింది: “ఇది ఒక్కసారితో పోతుందని మాట ఇవ్వను. మళ్ళీ రావచ్చు. వస్తే సిగ్గుపడుతూ, ఆలోచిస్తూ కూర్చోకండి. ఫోన్ చెయ్యండి.” ఆ నంబరు నేను వంటింటి తలుపు వెనక ఎర్ర రంగుతో రాసుకున్నాను. ఆ అంకెలు చూస్తే కొండంత ధైర్యంగా ఉండేది.

వానలు మొదలైన వారానికి ఆ ధైర్యం కాస్తా నీరుగారింది. ఆ ఇంటికి డబ్బిచ్చే సంస్థ చేతులెత్తేసిందట. ప్రభుత్వాన్ని అడిగితే, జనం ఎంత పోగు చేస్తే మేమూ అంత కలుపుతాం, వానాకాలం అయ్యేలోగా చూపించండి అన్నారట. చూపించలేకపోతే మంచాలు ఎత్తేస్తారు, ఫోను తీసేస్తారు. నేను విన్నది మాత్రం ఒక్కటే: మా తలుపు వెనక ఉన్న నంబరు మోగినా ఎత్తేవాళ్ళుండరు.

“దాతల పేర్లు వీధి గోడ మీద రాయిద్దామనుకుంటున్నాను,” అంది పెద్ద సిస్టర్. “పేర్లు కనిపిస్తే చూసినవాళ్ళకీ చెయ్యి ముందుకొస్తుంది. రాస్తావా?”

“మీరడగాలా సిస్టర్ గారూ!” అన్నాను.

గోడకి పైన వెడల్పాటి రేకు చూరుంది కాబట్టి వాన పడదు. సున్నం వేయించి, పైన ‘దాతలు’ అని రాశాను. తప్పు లేకుండా రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంక పేర్లే తరువాయి.

పేర్లు రాలేదు. డబ్బు వచ్చింది, కొద్దికొద్దిగా. బడికి బెంచీ కొనిస్తే వీపు ఆనేచోట తాత ముత్తాతల పేర్లు కూడా రాయించుకునే ఊరు మాది. అలాంటిది ఈ గోడ దగ్గరికొచ్చేసరికి అందరికీ ఎక్కడలేని వినయం పుట్టుకొచ్చింది. మొదట వచ్చింది మా వీధి చివరి లెక్కల మాస్టారు. కవరు పెద్ద సిస్టర్ చేతిలో పెట్టి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

“పేరు వద్దమ్మా. ఒక శ్రేయోభిలాషి అని రాసెయ్యి.”

“ఇందులో దాచేదేముంది మాస్టారూ? దానమేగా చేశారు.”

“దానం సరే. ఈ ఇంటికే ఎందుకిచ్చాడు, వాళ్ళింట్లో ఎవరికి బాగాలేదు అని అడగరూ? మాకెవరికీ ఏమీ లేదు. అందరం బాగున్నాం.” నేనేమీ అడగకుండానే ఆయన రెండుసార్లు చెప్పారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో చూశాను. నవ్వొచ్చింది గానీ నవ్వే మొహం నాకెక్కడిది? అన్నయ్య పరంజా మీంచి జారి నడుం పట్టేసుకుందని, వెన్నునొప్పితో పడుకున్నాడని మా వీధంతా చాటింది నేనే. ఇరుగుపొరుగు వేడినీళ్ళ సంచులు, మందు పట్టీలు తెచ్చిచ్చేవారు. లేని నొప్పికి వదిన రోజూ థాంక్స్ చెప్పేది. గోడ మీద మూడో వరుస శ్రేయోభిలాషిని కూడా నేనే.

తర్వాత ఎవరో ఒక దారి కనిపెట్టారు. చనిపోయిన అమ్మ పేరు రాయించారు, ‘ఫలానా గారి జ్ఞాపకార్థం’ అని. పోయినవాళ్ళకి పరువు భయం ఉండదు కదా. దాంతో ఇంకో ఇరవైమంది వాళ్ళవాళ్ళ తాతల్నీ నాయనమ్మల్నీ తీసుకొచ్చారు. గోడ నిండసాగింది. ఒక పక్క పేర్లు లేని బతికున్నవాళ్ళు, ఇంకో పక్క పేర్లున్న చనిపోయినవాళ్ళు. బతికుండి పేరున్న మనిషి ఆ గోడ మీద ఒక్కడూ లేడు. పెద్ద సిస్టర్ సాయంత్రాలు గోడ ముందు నిలబడి, “ఇంకా సగం దూరంలో ఉన్నాం,” అనేది. వానలు అప్పటికే సగం అయిపోయాయి.

ఇంట్లో అన్నయ్య మందులేసుకునేవాడు, అడిగితే అన్నం తినేవాడు. కుంచెల వైపు మాత్రం చూసేవాడు కాదు. కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవాడు. నేను పనికెళ్తూ, “అన్నయ్యా, జ్ఞాపకార్థంలో ఒత్తు ఏది?” అని కావాలనే అడిగేదాన్ని. “థ,” అనేవాడు. ఆ ఒక్క అక్షరమే ఆ రోజుకి మా మధ్య మాట.

ఒకరోజు వదిన కుట్టుమిషను ఆపి, చిన్న కాగితం నా చేతికిచ్చింది. నాలుగు నెలలుగా రాత్రింబగళ్ళు కుట్టి దాచిందంతా పొద్దున్నే ఆ ఇంట్లో ఇచ్చొచ్చిందట. కాగితం మీద అన్నయ్య పేరు, ఇంటిపేరుతో సహా. కింద ‘గారి పేరిట’ అని ఉంది.

“వదినా, పేరొద్దు. శ్రేయోభిలాషి అని రాసేస్తాను.”

“ఎవరా శ్రేయోభిలాషి? నాకు తెలీదు. నేనిచ్చింది నాకు తెలిసిన మనిషి పేరు మీద.”

“వీధిలో ఏమనుకుంటారు? అందరికీ వెన్నునొప్పని చెప్పాం కదా.”

“చెప్పింది నువ్వు. నన్నెవరూ అడగలేదు, అడిగితే నిజమే చెప్పేదాన్ని.” దారం కొరికి మళ్ళీ సూదిలోకి ఎక్కించింది. “ఆ గోడ చూసొచ్చాను. పోయినవాళ్ళందరికీ పేర్లున్నాయి. మీ అన్నయ్య బతికున్నారు కదా అమ్మాయ్, ఆయనకెందుకుండకూడదు?”

నాకు కోపం ముంచుకొచ్చింది. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం అది. గొడుగు కూడా తీసుకోకుండా బయటికి నడిచాను.

గోడ దగ్గరికెళ్ళేసరికి వాన కాస్త తెరిపిచ్చింది. సుద్ద దారం నేనే కట్టుకుని గీత కొట్టుకున్నాను. అన్నయ్య పేరు రాయడం నాకది మొదటిసారి. ఎన్ని వందల మంది పేర్లు రాశానో, తన పేరు మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఒక్కొక్క అక్షరం నింపుతుంటే పరంజా మీంచి వేలాడిన ఆ కాళ్ళే కళ్ళముందు కదిలాయి. కళ్ళు మసకబారాయి. తుడుచుకుంటూ రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగింది. వరుస పూర్తిచేసి, కుంచె డబ్బాలో పడేసి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాను.

ఎంతసేపు కూర్చున్నానో, ఎదురుగా గొడుగు కింద రెండు పాదాలు ఆగాయి. తలెత్తితే అన్నయ్య. ఒక చేతిలో భోజనం డబ్బా. నెలన్నర తర్వాత తను ఒంటరిగా గడప దాటడం అదే.

“అన్నం మర్చిపోయావట. మీ వదిన ఇచ్చిరమ్మంది,” అన్నాడు. తర్వాత గోడ వైపు చూశాడు. పెదవులు కదిపాడు, పాత అలవాటే. పై వరుస నుంచి ఒక్కొక్కటీ చదువుకుంటూ కిందికొచ్చాడు. ఆఖరి వరుస దగ్గర ఆగాడు.

“థ ఒత్తు సరిగ్గా పడిందే,” అన్నాడు. “ఇన్నేళ్ళకి ఒక్క తప్పు లేకుండా రాశావు.”

“ఏ థ?” అన్నాను. అప్పుడు తిరిగి చూశాను.

అన్నయ్య పేరు. ఇంటిపేరుతో సహా. పక్కన ‘గారి జ్ఞాపకార్థం’.

జేబు తడుముకున్నాను. వదిన కాగితం జేబులోనే ఉంది. అందులో ‘పేరిట’ అని ఉంది. ఆ గోడ మీద పేరు రాసిన ప్రతిసారీ దాని పక్కన నా చెయ్యి రాసిన మాట ఒక్కటే. అలవాటే. కానీ అలవాటొక్కటే కాదు. ఆ నెలన్నరా రోజూ పొద్దున తన గది తలుపు తోసేముందు నేను భయపడుతూ వచ్చిన మాటే అది. నా లోపలి భయాన్ని నా చెయ్యి తెచ్చి వీధిలో పెట్టింది.

“అన్నయ్యా, నేను... చెయ్యి... ఒట్టు అన్నయ్యా, నేను చూసుకోలేదు...” ఏడుపొచ్చేసింది.

అన్నయ్య భుజాలు కదిలాయి. తనూ ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు. మొదట ముక్కుతో, తర్వాత గొంతుతో, గొడుగు ఊగేంతగా నవ్వాడు. “గారు కూడానా! బతికుండగా ఒక్కనాడైనా గారు అన్నావటే నన్ను?” అన్నాడు. నేను ఏడుస్తూనే నవ్వాను. ముక్కు కారింది. అన్నయ్య జేబురుమాలు ఇవ్వబోయి, మనసు మార్చుకుని దాన్ని టర్పెంటైనులో ముంచాడు. “రంగు ఆరకముందే తుడిచేద్దాం. ఆరితే గోకాలి,” అన్నాడు.

సరిగ్గా అప్పుడే లెక్కల మాస్టారు అటుగా వస్తూ ఆగారు. “ఏమోయ్, లేచి తిరుగుతున్నావే! వెన్నునొప్పి తగ్గిందా?”

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అందుకున్నాడు, చెయ్యి గోడ మీంచి తియ్యకుండానే.

“వెన్ను బాగానే ఉందండి మాస్టారూ. బాగాలేనిది మనసు. ఇదే ఇంట్లో ఇరవై రోజులున్నాను, నాలుగో మంచం. ఇప్పుడు కాస్త నయం.”

వాన మళ్ళీ సన్నగా మొదలైంది. మాస్టారు చూరు కిందికి జరిగి నిలబడ్డారు. అన్నయ్య ‘జ్ఞాపకార్థం’ మొత్తం తుడిచి, చోటు పొడిగా చేసి, జేబులోంచి పెన్సిలు తీశాడు. ఆ రోజు పరంజా మీద జేబులో పెట్టుకున్న పెన్సిలే. జానతో కొలిచి, ‘పేరిట’ అని అంచులు గీశాడు. నేను రంగు నింపాను. అప్పుడు మాస్టారు గోడ పైకి వేలు చూపించారు.

“మొదటి వరుస శ్రేయోభిలాషి ఉన్నాడే,” అన్నారు నాతో. “అతన్ని కూడా తుడవచ్చా?”

“తుడిచి ఏం రాయమంటారు?”

“మా అబ్బాయి పేరు.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రెండో మంచం. పోయిన ఏడాది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. బతికే ఉన్నాడమ్మా, ఆ ముక్క జాగ్రత్త.”

ఆయన వెళ్ళాక అన్నయ్య వెనక్కి రెండడుగులేసి మా వరుస చూసుకున్నాడు. పేరిట అన్న మూడక్షరాలు జ్ఞాపకార్థం అంత జాగా తినలేదు. చివర జానెడు తెల్లగా మిగిలింది. అందమైన పనికి అది వెలితే. నేను కుంచె పట్టుకుని, “పువ్వేదైనా వేసి నింపెయ్యనా?” అన్నాను.

“ఉండనీ,” అన్నాడు. “మిగిలుంటే మళ్ళీ రావచ్చు.”

ఇద్దరం ఆ డబ్బాలో అన్నం ఆ చూరు కిందే తిన్నాం. అన్నయ్య తన వాటా తిని నా దాంట్లోంచి కూడా తీసుకున్నాడు. నేనేమీ ఎరగనట్టు మూత వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంటికెళ్ళే దారిలో బట్టల కొట్టు సంగతి తనే ఎత్తాడు. “ఆయన గోడ మీద వస్త్రములు ఇంకా లభించు దగ్గరే ఉన్నాయి కదా పాపం. రేపు ఎండ కాస్తే ఆ ‘ను’ రాసేద్దాం.”

మాస్టారి మాట ఎలా పాకిందో గానీ, ఆ తర్వాత వారాల్లో నేను తొమ్మిదిమంది శ్రేయోభిలాషుల్ని తుడిచాను, నాతో కలిపి. కొత్త పేర్లు రాయడానికి పక్క గోడక్కూడా సున్నం వేయించాల్సి వచ్చింది. వానలు వెనకబట్టేసరికి పెద్ద సిస్టర్ లెక్క చూపించింది, ప్రభుత్వం మాట నిలబెట్టుకుంది. మంచాలు ఆరూ ఉన్నాయి. బట్టల కొట్టాయన మాత్రం ఇప్పటికీ శ్రేయోభిలాషే. ఆ రోజు ఫోను నంబరు వెతుక్కోకుండా నొక్కిన మనిషి ఆయన. అది ఆయనకెలా కంఠతా వచ్చో నేను అడగలేదు, అడగను కూడా.

ఆ తర్వాత మా తలుపు వెనక నంబరుకి రెండుసార్లు ఫోన్ చేశాం. ఒకసారి వదిన, ఒకసారి అన్నయ్య తనే. రెండుసార్లూ అవతల ఎత్తారు.

ఏటా వానలకి ముందు ఆ గోడకి మళ్ళీ రంగు వేస్తాం. గీత తనది, రంగు నాది. మా వరుస దగ్గరికి రాగానే అన్నయ్య ఆ చివర జానతో కొలిచి, “ఇంకా జాగా ఉందే,” అంటాడు.

“ఉండనీ,” అంటాను.